వందో రాయి

అంకెకు రూపాయి. అదీ బేరం.

2009 వేసవి. నేను ఏడో తరగతి పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాను. మాది గుంటూరు జిల్లాలో ఓ చిన్న టౌను. మా నాన్న బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్టు బోర్డు, డాక్టరుగారి బోర్డు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, ట్రాక్టరు వెనక 'హారన్ ప్లీజ్'... బ్రష్‌తో రాయగలిగిందేదైనా సరే. అప్పటికే ఫ్లెక్సీలు వచ్చేశాయి. పుట్టినరోజు నుంచి పెద్దకర్మ దాకా అన్నీ ఫ్లెక్సీలోనే. నాన్నకి పని తగ్గిపోయి, దొరికిందల్లా ఒప్పుకునే రోజులు.

అలాంటప్పుడు వచ్చింది ఈ పని. బైపాస్ పక్కన కొత్తగా వేసిన వెంచర్‌లో ప్లాట్ల రాళ్ల మీద నంబర్లు వెయ్యాలి. 640 ప్లాట్లు, ప్లాటుకో రాయి. రాళ్లకు పసుపు రంగు వాళ్ల కూలీలే కొట్టేస్తారు. దాని మీద నల్లరంగుతో నంబరు నాన్న వెయ్యాలి. పెయింటు వాళ్లదే. మేనేజరు మొదట "నంబరుకి రెండు రూపాయలు" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

"ఒకటో ప్లాటుకీ ఆరొందలో ప్లాటుకీ ఒకటే రేటంటే ఎట్లా సార్? అచ్చు పెట్టి అద్దేది అంకె అంకెకీ కదా. అంకెకు రూపాయి ఇప్పించండి" అన్నాడు.

ఆయన సరే అన్నాడు. కాగితం ఏమీ రాసుకోలేదు. మా ఊళ్లో ఇలాంటి వాటికి కాగితాలుండవు.

నాన్న డాల్డా డబ్బా రేకు కత్తిరించి, సున్నా నుంచి తొమ్మిది దాకా పది అచ్చులు తయారుచేశాడు. రాయి మీద రేకు పెట్టి, స్పాంజి ముక్కని పెయింటులో ముంచి అద్దడమే. తెల్లారి అయిదింటికే సైకిలేసుకుని వెళ్లేవాడు. ఎండ ముదిరాక ఆ రాళ్ల మీద చెయ్యి పెట్టలేం. పదకొండింటికి ఇంటికొచ్చి పడుకుని, నాలుగింటికి మళ్లీ వెళ్లేవాడు. రాత్రి ఆ పది రేకుల్నీ కిరోసిన్‌లో గుడ్డ ముంచి తుడవడం నా డ్యూటీ.

నాలుగో రోజు రాత్రి ఒకటి గమనించాను. 1, 2, 3 రేకుల అంచులకి పెయింటు గట్టిగా పేరుకుపోయింది, ఎంత రుద్దినా పోవట్లేదు. 7, 8, 9 మాత్రం ఒక తుడుపుకే మెరిసిపోతున్నాయి. సున్నా కూడా అంతే. నాన్నకి చూపిస్తే, "అవునురా, ఆ మూడూ మళ్లీ కొయ్యాలి. ఎప్పుడూ ముందు పోయేవి అవే" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అది అందరికీ తెలిసిన విషయమేమో అనుకున్నాను.

అయిదు రోజుల్లో పని అయిపోయింది. ఆరో రోజు డబ్బుల కోసం వెళ్లి, ఒట్టి చేతులతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" అంది అమ్మ.

"లెక్క చూసి రేపిస్తానన్నాడు. 1280 అంట."

మేనేజరు లెక్క ఇదీ. కొన్ని నంబర్లకి ఒక అంకె, కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు. సగటున రెండు. 640 రెళ్లు 1280. అంటే మొదట తనన్న నంబరుకి రెండు రూపాయల దగ్గరికే తెచ్చి కూర్చోబెట్టాడన్నమాట. అయినా వింటుంటే న్యాయంగానే ఉంది కదా? ఒకటి, రెండు, మూడు... మధ్యలో రెండు. నాన్నకి కూడా తప్పెక్కడుందో పట్టుకోవడం రాలేదు. "నేను అంతకంటే చాలా ఎక్కువే వేశాననిపిస్తోంది. ఎంతని అడిగితే చెప్పలేను" అన్నాడంతే. ఆయన చదువు అయిదో తరగతి.

ఆ రాత్రి నేను పాత క్యాలెండర్ కాగితాల వెనక 1 నుంచి 640 దాకా మొత్తం రాశాను. ఒక్కో వరసకి పది నంబర్లు. ఆఖరికి ఒక్కో అంకె మీదా పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టాను. 1812 వచ్చింది. అమ్మ నమ్మలేదు, "ఇంకోసారి లెక్కపెట్టు" అంది. మళ్లీ 1812.

అప్పటికి నాకు ఉత్సాహం వచ్చేసింది. ఇలా గీతలు గీయక్కర్లేకుండా లెక్క ఉండాలి కదా అనిపించింది. ఒక అంకె నంబర్లు 9. రెండంకెలవి, 10 నుంచి 99 దాకా, 90. వాటికి 180 అంకెలు. మొత్తం 189. ఇంక మిగిలినవన్నీ మూడంకెలవే. 640లో 100 పోతే 540. మూళ్లతో గుణిస్తే 1620. 189 కలిపితే 1809.

1809! చేత్తో లెక్కపెడితే 1812, లెక్క కడితే 1809. మూడు రూపాయలు తేడా. రాత్రి పదకొండు దాటింది. నేను చుక్కలు పెట్టడంలో పొరపాటు చేశాననుకుని మూడోసారి లెక్కపెడుతుంటే, పడుకున్న నాన్న కళ్లు మూసుకునే అడిగాడు.

"ఏంట్రా గొడవ?"

"వంద నుంచి ఆరొందల నలభై దాకా 540 రాళ్లు నాన్నా. కానీ..."

"వందో రాయి కలిపావా?"

కలపలేదు. 640లోంచి 100 తీసేసినప్పుడు వందో రాయిని కూడా తీసిపారేశాను. అది మూడంకెలదే. తియ్యాల్సింది 99. అప్పుడు 541 రాళ్లు, 1623 అంకెలు, మొత్తం 1812.

"వందో రాయి నాకు గుర్తుంది. తుమ్మచెట్టు కింద. అక్కడ కూర్చుని నీళ్లు తాగాను" అన్నాడు నాన్న. ఆయన లెక్క కట్టలేదు. ఆ రాయి ఆయనకి గుర్తుంది, అంతే.

తర్వాత చాలా ఏళ్లకి ఇంజినీరింగ్‌లో ఈ పొరపాటుకి ఇంగ్లీషులో ఓ పేరుందని తెలిసింది, 'ఫెన్స్‌పోస్ట్ ఎర్రర్' అని. పది గజాల కంచె, గజానికో గుంజ. గుంజలెన్ని? పది కాదు, పదకొండు. రోజుకి లక్షమంది ప్రోగ్రామర్లు ఈ గుంజ దగ్గరే తట్టుకుని పడుతుంటారు. వాళ్లలో నేనూ ఉన్నాను, ఆ సంగతి తర్వాత.

మేనేజరు లెక్కలో తప్పేంటంటే, మూడు రకాల నంబర్లు సమానంగా ఉన్నాయని అనుకోవడం. ఒకంకెవి తొమ్మిదే. రెండంకెలవి తొంభై. మూడంకెలవి వెయ్యి దాకా పోతే తొమ్మిది వందలు. తొమ్మిది, తొంభై, తొమ్మిది వందలు. చెబుతుంటే పాటలా ఉంటుంది. ప్రతి గుంపూ దాని ముందుదానికి పది రెట్లు. 640 రాళ్లలో మూడంకెలవే 541 ఉంటే సగటు రెండెలా అవుతుంది? దాదాపు 2.83. ఇది తెలియక చేశాడా, తెలిసే చేశాడా అన్నది నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన బండి నంబరు మాత్రం కూడితే తొమ్మిది వచ్చేది. అంకెలంటే అంత పట్టింపున్న మనిషి.

సరే, అసలు విషయం. రాయకుండా ఉంటే బాగుండు అనిపించేది ఇదే.

పొద్దున్నే నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ క్యాలెండర్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వూ రారా. ఆ 9, 90 లెక్క నువ్వైతే చక్కగా చెబుతావు" అన్నాడు.

నేను రానన్నాను.

మేనేజరు గారబ్బాయి మా క్లాసే. మా స్కూల్లో ఫీజు సగమే కట్టే పిల్లలు నలుగురైదుగురం ఉండేవాళ్లం, వాడికి ఆ సంగతి తెలుసు. మా నాన్న ఏం పని చేస్తాడంటే నేను 'ఆర్టిస్ట్' అని చెప్పుకుని తిరిగేవాణ్ని. వెంచర్ ఆఫీసు వాళ్లింటి కింద గదిలోనే. ఇప్పుడు నేను నాన్నతో కలిసి వాళ్లింటికెళ్లి, వాళ్ల నాన్న ముందు నిలబడి, 532 రూపాయలు తక్కువిచ్చారండీ అని చెప్పాలి. వాడు మేడ మీంచి చూస్తుంటాడు. స్కూలు తెరిచాక అందరికీ చెబుతాడు.

"కడుపు నొప్పిగా ఉంది" అన్నాను.

నాన్న ఒక్క క్షణం నా వంక చూశాడు. "సరే, పడుకో" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి వచ్చాడు. 1280 రూపాయలు అమ్మ చేతిలో పెట్టాడు. కాగితాలు చూపించాడట. మేనేజరు తిరగేసి, "ఇదంతా ఎవరు లెక్కపెడతారయ్యా, నువ్వు రాసుకొచ్చిందే లెక్కా?" అన్నాడట. నాన్న 9, 90 లెక్క చెప్పబోయాడు. మధ్యలో తడబడ్డాడు. వందో రాయి దగ్గరో, ఇంకెక్కడో. అక్కడున్న ఇద్దరు బ్రోకర్లు నవ్వారట. ఇదంతా నాన్న నాతో చెప్పలేదు. రాత్రి అమ్మతో చెబుతుంటే విన్నాను.

అప్పుడు మా ఇంటద్దె 600. ఆ 532 ఎంత డబ్బో తెలియడానికి చెబుతున్నాను.

*

మీలో చాలామంది ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుతూ ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న తగిలే ఉంటుంది. 1 నుంచి ఎన్ వరకు వరసగా రాస్తే మొత్తం ఎన్ని అంకెలు? 2018లో, ఫైనల్ ఇయర్ క్యాంపస్ ఇంటర్వ్యూలో నన్ను అడిగింది సరిగ్గా ఇదే. నా ముందున్న వాళ్లకి లింక్డ్ లిస్టులూ, ట్రీలూ ఇచ్చారు. నాకు మాత్రం ఇది.

నేను బోర్డు మీద 9, 180, తర్వాత మిగిలినవి అని మొదలుపెట్టాను. ఆయన "ఇంకా చిన్నగా చెప్పగలవా?" అన్నారు. ఉంది, ఇంకో దారి ఉంది. అడ్డంగా కాకుండా నిలువుగా చూడాలి. ఒకట్ల స్థానం ప్రతి రాయికీ ఉంటుంది, 640. పదుల స్థానం మొదటి తొమ్మిది రాళ్లకీ తప్ప అన్నిటికీ ఉంటుంది, 631. వందల స్థానం మొదటి తొంభై తొమ్మిదింటికి తప్ప, 541. మూడూ కూడితే 1812. ఇలా నిలువుగా చూస్తే వందో రాయి ఎక్కడికీ పోదు. కోడ్ నాలుగు లైన్లు.

నేను ఉదాహరణకి 640 తీసుకోవడం ఆయన గమనించారు. అందరూ వందో, వెయ్యో తీసుకుంటారు కదా. "ఈ ప్రాబ్లమ్ ఇంతకుముందు ఎక్కడైనా చూశావా?" అని అడిగారు.

"లేదు సార్" అన్నాను.

ఉద్యోగం వచ్చింది. ఇది రెండోసారి. మొదటిసారి పన్నెండేళ్ల పిల్లాణ్ని, సిగ్గు. రెండోసారి ఇరవై ఒకటి. ముందే తెలుసంటే మార్కులు తగ్గుతాయేమోనన్న భయం కొంత, మా నాన్న రాళ్ల మీద నంబర్లు వేసేవాడని ఆ ఏసీ గదిలో చెప్పాల్సి వస్తుందేమోనన్నది మిగతా అంతా.

నాన్న రేకుల సంగతి మాత్రం అప్పట్నుంచీ నా వెంటే ఉంది. 1, 2, 3 ఎందుకు ముందు పోతాయి? ఒకసారి కూర్చుని లెక్క కట్టాను. 640 రాళ్ల మీద 1 అంకె 234 సార్లు వస్తుంది. 2 కూడా 234, 3 కూడా 234. 7, 8, 9 ఒక్కొక్కటీ 124. సున్నా కూడా 124. అంటే దాదాపు సగం. నాన్న కొత్త రేకులు కోసింది ఊరికే కాదు. కారణం కూడా సింపుల్. వందల స్థానంలో 1, 2, 3, 4, 5 నూరేసి సార్లు నిలబడ్డాయి. 7, 8, 9 వంతు రాకుండానే వెంచర్ అయిపోయింది. 999 దాకా పోయి ఉంటే 1 నుంచి 9 దాకా అన్నీ సరిగ్గా 300 సార్లే వచ్చేవి. సున్నా ఒక్కటే 189, ఎందుకంటే దాన్ని ముందు వరసలో ఎవరూ నిలబెట్టరు.

ఇది చదివి మీకు చిన్న విషయమే అనిపించొచ్చు. కానీ సైమన్ న్యూకూంబ్ అని ఒక అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆ రోజుల్లో పెద్ద గుణకారాలకి లాగరిథమ్ టేబుల్స్ పుస్తకాలే దిక్కు. ఆ పుస్తకాల్లో మొదటి పేజీలు, అంటే 1తో మొదలయ్యే సంఖ్యలున్న పేజీలు, బాగా నలిగి మాసిపోయి, చివరి పేజీలు శుభ్రంగా ఉండటం ఆయన చూశాడు. జనానికి 1తో మొదలయ్యే సంఖ్యల అవసరమే ఎక్కువ పడుతోందని 1881లో ఒక చిన్న వ్యాసం రాశాడు. తర్వాత 1938లో ఫ్రాంక్ బెన్‌ఫోర్డ్ అనే ఫిజిసిస్ట్ నదుల వైశాల్యాలు, జనాభా లెక్కలు, ఇంకా ఏవేవో జాబితాల నుంచి 20 వేలకు పైగా సంఖ్యలు పోగేసి చూశాడు. ఆ నియమం ప్రకారం 1తో మొదలయ్యేవి సుమారు 30 శాతం, 9తో మొదలయ్యేవి 5 శాతం కూడా ఉండవు. ఆయన జాబితాల్లో ఒకటి ఏంటో తెలుసా? 342 మంది సైంటిస్టుల ఇళ్ల అడ్రసులు. డోర్ నంబర్లు!

ఇప్పుడు ఆడిటర్లు దొంగ లెక్కలు పట్టుకోవడానికి దీన్ని వాడతారు. మనిషి బుర్రలోంచి అంకెలు పుట్టించి బిల్లులు రాస్తే, 6, 7, 8 కూడా 1తో సమానంగా పడిపోతుంటాయి, అక్కడ దొరికిపోతాడు. నాన్న రాళ్ల దగ్గర ఆ శాతాలు అచ్చంగా రావు లెండి. 1 నుంచి 5 దాకా ఒక్కో అంకె 111 రాళ్లకి ముందు నిలబడితే, 7, 8, 9 ఒక్కొక్కటీ పదకొండు రాళ్లకే. అది ఒక్క వెంచర్ లెక్క. కానీ ఒకటి 640 దగ్గర ఆగి, ఒకటి 180 దగ్గర ఆగి, ఒకటి 35 ఇళ్లతో అయిపోయి... ఇలా రకరకాల వీధులన్నీ కలిపితే పెద్ద అంకెలు ఎప్పుడూ నష్టపోతూనే ఉంటాయి. ప్రతి వీధీ 1తోనే మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలీదు. న్యూకూంబ్ మాసిన పేజీలు చూశాడు, నేను కిరోసిన్ గుడ్డతో రేకులు తుడిచాను. తేడా ఏంటంటే ఆయన ఎందుకని అడిగాడు.

నేను అడగలేదనే కాదు, నేర్చుకోలేదు కూడా. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఇన్‌వాయిస్ నంబర్ల కోడ్ ఒకటి రాశాను. నంబరు ఎంత చిన్నదైనా ముందు సున్నాలు పెట్టి ఏడంకెలు చెయ్యాలి. అందుకు ముందు ఆ నంబరులో అంకెలెన్నో తెలియాలి. పదితో భాగిస్తూ పోయి లెక్కపెట్టొచ్చు, పదోతరగతి పిల్లాడైనా రాస్తాడు. నేను తెలివి చూపించి లాగరిథమ్ వాడాను. లాగ్ తీసి, దశాంశం కొట్టేసి, ఒకటి కలిపితే అంకెల సంఖ్య. పుస్తకంలో కరెక్టే. కానీ పైథాన్‌లో 10 బేస్ ఇచ్చి 1000కి మామూలు లాగ్ ఫంక్షన్‌తో అడిగితే 3 రాదు. 2.9999999999999996 వస్తుంది. కావాలంటే మీ ఫోన్లో ఏదైనా పైథాన్ యాప్‌లో చూడండి. దశాంశం కొట్టేస్తే 2, ఒకటి కలిపితే 3. కాబట్టి నా కోడ్ ప్రకారం వెయ్యికి మూడంకెలే. ముందు నాలుగు సున్నాలు పెట్టింది. ఏడంకెలు రావాల్సిన చోట ఎనిమిది.

పదితో, వందతో టెస్ట్ చేశాను, బాగానే వచ్చింది. 999 ఇన్‌వాయిస్‌లు సాఫీగా వెళ్లిపోయాయి. వెయ్యోది రాత్రి పదకొండున్నరకి వెళ్లింది. పదకొండు నలభైకి నాకు ఫోనొచ్చింది. ఫిక్స్ చేసి లాప్‌టాప్ మూశాక నవ్వొచ్చింది. వందో రాయి దాటాను, వెయ్యో రాయికి తగిలాను.

*

మొన్న శంకురాత్రి తర్వాత నాన్న కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చి మా దగ్గర నెల రోజులున్నాడు. ఊరికే కూర్చునే మనిషి కాదు. ఆపరేషన్‌కి ముందు వారం రోజులు గడువుంది, బాల్కనీ గ్రిల్‌కి రంగేశాడు, తర్వాత చెప్పుల స్టాండుకి వేశాడు. అప్పుడే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపులో పార్కింగ్ నంబర్లు చెరిగిపోయాయని గొడవ మొదలైంది. 136 స్లాట్లు. నా స్లాట్‌లో నువ్వెందుకు పెట్టావంటే నా స్లాట్‌లో నువ్వెందుకు పెట్టావని. సెక్రటరీ గారు ఎవరి చేతనైనా రాయిద్దామని, "తెలిసిన పెయింటర్ ఎవరైనా ఉన్నారా?" అని మెసేజ్ పెట్టారు.

మూడు నిమిషాలు ఆ మెసేజ్ వంక చూస్తూ ఉన్నాను. "మా నాన్నగారు పెయింటర్. ఇక్కడే ఉన్నారు" అని టైప్ చేసి పంపించేశాను. మూడు థంబ్స్‌అప్‌లు వచ్చాయి, ఒకాయన "సూపర్" అన్నాడు. అంతే. ఇంకేం జరగలేదు.

నాన్న అమ్మకి ఫోన్ చేసి, రేకుల డబ్బా బస్సులో పార్శిల్ వేయించాడు. పాత బిస్కెట్ డబ్బా. మూత తీశాను. లోపల రేకులు, పక్కన ఆరిపోయిన స్పాంజి. మూత లోపలి వైపు నల్లరంగుతో, సన్న బ్రష్‌తో నాలుగు వరసలు.

9
189
2889
38889

ఒక్కసారి నా చెయ్యి ఆగిపోయింది. తొమ్మిది దాకా తొమ్మిది. తొంభై తొమ్మిది దాకా 189. 999 దాకా 2889. 9999 దాకా 38889.

"ఇదెప్పుడు రాశావు నాన్నా?"

"అప్పుడే. ఆ కాగితాలు చూసుకుంటూ కూర్చుని కట్టుకున్నాను. తర్వాత ఇంకెవడి దగ్గరా మోసపోలేదు. ఎన్ని నంబర్లో చెప్పగానే డబ్బా మూత చూసి అక్కడే రేటు చెప్పేసేవాణ్ని." కాసేపాగి, "నాలుగోది ఊరికే కట్టాను. తొమ్మిది వేల ప్లాట్ల వెంచర్ మనకెవడిస్తాడు" అన్నాడు.

ఇంకో ముక్క కూడా చెప్పాడు. తర్వాత్తర్వాత ఎవరైనా నంబర్లేయమంటే, "001, 002 అని వేద్దాం సార్, అన్నీ ఒకే కొలతగా అందంగా ఉంటాయి" అనేవాడట. చాలామంది అవునంటారు. మనసులో లెక్క కట్టాను. తొమ్మిది నంబర్లకి రెండేసి సున్నాలు, తొంభైకి ఒక్కో సున్నా. 108 అంకెలు ఎక్కువ. అంటే బిల్లులో 108 రూపాయలు. "అష్టోత్తరం నాన్నా" అంటే పెద్దగా నవ్వాడు.

ఆ నవ్వులో అడిగేశాను. "ఆ రోజు నేను నీతో రావాల్సింది."

"ఏ రోజు?"

"కడుపు నొప్పి అన్నాను చూడు."

నాన్న స్పాంజి ముక్కని నీళ్లలో నానబెడుతున్నాడు. తలెత్తలేదు. "కడుపు నొప్పి కాదని మీ అమ్మకి కూడా తెలుసులే" అన్నాడు. తర్వాత, "ఆ 8 రేకు ఇటివ్వు, మధ్యలో వంగిపోయింది."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే సెల్లార్‌లోకి దిగాం. కార్లు తీయించే పని వాచ్‌మన్ చూసుకున్నాడు. నాన్న ఓ కంటికి సరిగ్గా కనపడక, రేకు నన్ను పట్టుకోమన్నాడు. పైనుంచి సెక్రటరీ గారు దిగొచ్చి, "ఎంత తీసుకుంటారండీ?" అని అడిగారు.

"అంకెకు 10 రూపాయలివ్వండి సార్" అన్నాడు నాన్న.

"మొత్తం ఎంతవుద్ది?"

ఇద్దరూ నా వంక చూశారు. సాఫ్ట్‌వేర్ కదా. చకచకా కట్టేశాను. 99 దాకా 189. 136లో 100 పోతే 36, మూళ్లు 108. మొత్తం...

"297 అంకెలండీ. 2970" అన్నాను.

నాన్న రేకు మీదనుంచి తలెత్తకుండానే అన్నాడు.

"మూడొందలు సార్. వీడు మళ్లీ వందోది వదిలేశాడు."